కూత లేని ఆట

మా కనగానపల్లిలో డెబ్బైల్లో చెడుగుడు ఆడని మగపిల్లాడు లేడు. శనక్కాయ పీకేసిన చేను దొరికితే చాలు, కాలి బొటనవేలితో గీత గీసి మొదలెట్టేవాళ్లం. బంతి అక్కర్లేదు, బ్యాటు అక్కర్లేదు. కూత పెట్టి, ఊపిరి తెగకుండా అవతలి గీతలోకి వెళ్లి, ఒకణ్ని తాకి రావాలి. అంతే ఆట.

ఆ కూత దగ్గరే ఒకడికి చిక్కొచ్చింది. మా వీధివాడే, నా ఈడువాడే. పుట్టుచెవుడు, అందుకని మాటా రాలేదు. రోజూ మాకన్నా ముందే చేను దగ్గరికొచ్చి నిలబడేవాడు. "కూత రానోడు ఎట్లాడతాడు రా?" అని మా జట్టు పెద్ద తీర్పు చెప్పేశాడు. దాంతో మేం విప్పిన చొక్కాలకు వాడు కాపలాదారయ్యాడు. ఆ తీర్పులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు. నాక్కూడా.

ఒకరోజు మనిషి తక్కువయ్యాడు. గతిలేక వాణ్ని పట్టుబడిలో నిలబెట్టాం. కూతకు వెళ్లింది నేను. రెండు నిమిషాల్లో నా చీలమండ వాడి చేతిలో ఉంది, నా మొహం మట్టిలో ఉంది. మేమందరం అవతలివాడి కూత ఎప్పుడు సన్నబడుతుందా అని చెవులు రిక్కించుకుని నిలబడేవాళ్లం. వాడు కాళ్లు చూశాడు. మనిషి వెనక్కి తిరగబోయే ముందు మోకాలు కొంచెం వంగుతుంది. అది మాకెవరికీ తెలియదు. చొక్కాలు కాస్తూ రోజూ చూసినవాడికి తెలుసు.

ఈ సంగతి ఇన్నేళ్ల తర్వాత గుర్తు చేసింది అమెరికాలోని ఓ చిన్న కాలేజీ జట్టు. వాషింగ్టన్‌లో గాలడెట్ విశ్వవిద్యాలయం అని ఒకటుంది. 1864లో అబ్రహాం లింకన్ సంతకంతో డిగ్రీలిచ్చే హక్కు పొందిన బధిరుల విద్యాలయం. పాఠాలు సైగల భాషలోనే. వాళ్లకో ఫుట్‌బాల్ జట్టుంది. మన ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్లది. పేరుకే ఫుట్, పనంతా చేతుల్తోనే. కోడిగుడ్డు ఆకారపు బంతి, పక్కకు పదకొండు మంది, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరగలేకపోతే బంతి అవతలివాళ్లకు. ఒకణ్నొకడు గుద్దుకోవడం చూస్తే మన చెడుగుడుకు పెదనాన్న కొడుకులా ఉంటుంది.

అక్కడా ఓ కూత ఉంది. బంతి కదిలే ముందు క్వార్టర్‌బ్యాక్ అనే నాయకుడు కేకలు వేస్తాడు. ఏ కేకకు కదలాలో తన జట్టుకు ముందే చెప్పి ఉంచుతాడు. గాలడెట్ పిల్లలకు కేక పనికిరాదు. అందుకని ఒకప్పుడు మైదానం పక్కన పెద్ద డోలు పెట్టి బాదేవారు. చెవికి కాదు, ఒంటికి. నేలలోంచి, గుండెలోంచి అదురు తెలిసేది. మన జాతర్లో డప్పు దగ్గరగా మోగితే రొమ్ములో కొట్టుకున్నట్టుంటుంది చూడండి, అదే.

ఆటగాళ్లు గుండ్రంగా తలలు కలిపి నిలబడి మాట్లాడుకోవడం మీరు టీవీలో చూసే ఉంటారు. 2003 ప్రపంచకప్‌లో గంగూలీ జట్టు వికెట్ పడ్డప్పుడల్లా అలా చేసేది. హడిల్ అంటారు. ఫుట్‌బాల్‌లో దాన్ని మొదలెట్టిన ఖ్యాతి ఈ గాలడెట్‌కే దక్కింది. 1890ల్లో పాల్ హబ్బర్డ్ అనే క్వార్టర్‌బ్యాక్ ఉండేవాడు. ఎదుటి జట్టు కూడా బధిరులదే అయినప్పుడు చిక్కేమిటంటే, తన సైగలు వాళ్లూ చదివేస్తారు. అందుకని తనవాళ్లను చుట్టూ నిలబెట్టుకుని, వీపులు గోడ చేసి, మధ్యలో చేతులాడించాడు. లోకమంతా రహస్యాలు చెవిలో చెప్పుకుంటుంటే ఆయన వీపుల చాటున చెప్పాడు.

ఈ జట్టు మధ్యలో క్లబ్బు స్థాయికి దిగిపోయి, 2007లో మళ్లీ కాలేజీల పోటీల్లోకి వచ్చింది. అదీ మూడో డివిజన్‌లో. అక్కడ ఆటకని స్కాలర్‌షిప్‌లు ఇవ్వరు. చదువుకుంటూ ఆడుకోవలసిందే. 2010లో చక్ గోల్డ్‌స్టీన్ అనే కోచ్ పగ్గాలు పట్టాడు. ఆయనకు చెవులు వినిపిస్తాయి. కాబట్టి సైగల భాష నేర్చుకోవలసిన పిల్లవాడు ఆయనే అయ్యాడు.

2013 సీజన్ సంగతి చెప్పాలి. వారానికొకటి చొప్పున పది ఆటలు. ఎదుటివాళ్లు వినగలిగే పిల్లలు. గాలడెట్ తొమ్మిది గెలిచింది. తమ లీగ్‌లో విజేత అయింది. నూటపాతికేళ్లు దాటిన ఫుట్‌బాల్ చరిత్రలో మొదటిసారి జాతీయ ప్లేఆఫ్‌కి వెళ్లింది. అక్కడ మొదటి మెట్టులోనే హోబర్ట్ కాలేజీ చేతిలో 34-7తో చిత్తయిందనుకోండి. అది వేరే విషయం.

ఇలాంటి కథలు రాసేటప్పుడు మా పత్రికల వాళ్లకు ఒక జబ్బుంది. మొదటి వాక్యంలోనే 'పాపం' దూరిపోతుంది. ఆ తొమ్మిది జట్లనీ అడిగి చూడాలి, ఎవరు పాపమో! కేకలో ఒక మాయ ఉంది. క్వార్టర్‌బ్యాక్ గొంతు మార్చి ఉత్తుత్తి కేక వేస్తాడు. ఎదుటివాడు ఉలిక్కిపడి ముందుకు దూకితే అయిదు గజాలు జరిమానా. గాలడెట్ వాళ్లమీద ఈ ఎత్తు పారదు. వాళ్లు బంతినే చూస్తుంటారు. బంతి కదిలితేనే కదులుతారు.

నష్టం లేదనను. రిఫరీ ఈల వినపడదు. ఆఖరి క్షణంలో పథకం మారిస్తే, ముందుకు చూస్తూ నిలబడ్డవాడికి వెనకనుంచి చెప్పే దారి లేదు. 2023 అక్టోబరులో దీనికో ఉపాయం దొరికింది. ఏటీ అండ్ టీ కంపెనీతో కలిసి ఓ హెల్మెట్ తయారుచేశారు. కోచ్ పక్కన నిలబడి ట్యాబ్లెట్ మీద నొక్కితే, పథకం పేరు క్వార్టర్‌బ్యాక్ కళ్లముందు చిన్న అద్దంమీద కనిపిస్తుంది. హిల్బర్ట్ కాలేజీ మీద దాన్ని వాడి గెలిచారు. ఆ సీజన్‌లో అదే వాళ్ల మొదటి గెలుపు. ఓడిన సీజన్లూ ఉన్నాయి మరి. చెవిటివాళ్లని ఎవరూ ఆట వదిలిపెట్టరు. వదిలిపెట్టకూడదు కూడా.

మా జిల్లాలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆర్డీటీ మొదలెట్టారు. తర్వాతి కాలంలో ఆ సంస్థ బధిర పిల్లలకు వసతి బడులు పెట్టింది, అనంతపురంలో క్రీడాగ్రామం కట్టింది. మావాడు అప్పటికే బడి ఈడు దాటిపోయాడు. పదమూడేళ్లకే ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చున్నాడు. సంతకం చేయడం మాత్రం నేర్చుకున్నాడు.

మొన్న వెళ్లి కలిశాను. ఇప్పుడు మరమగ్గాల షెడ్డులో చేస్తున్నాడు. ఫోన్‌లో గాలడెట్ ఆట చూపించాను. హెల్మెట్లూ గుద్దులాటా పెద్దగా పట్టించుకోలేదు. అందరూ గుండ్రంగా చేరగానే మాత్రం ఫోన్ లాక్కున్నాడు. ఎందుకట్లా మూగారని సైగ చేశాడు. సైగలు అవతలివాళ్లు చూడకుండా దాచుకుంటున్నారని నా వచ్చీరాని చేతుల్తో చెప్పాను. అర్థమైనాక పడీపడీ నవ్వాడు. తర్వాత నా చీలమండ చూపించి, గుప్పిట బిగించి, ఇంకా నవ్వాడు.

ఆ షెడ్డులో చప్పుడుకు పక్కమనిషి మాట వినపడదు. నేను గొంతు చించుకుంటున్నాను. అక్కడ పనిచేసేవాళ్లు మాత్రం ఎవరూ నోరు తెరవలేదు. దారం తెగిందని, టీ వచ్చిందని, మేస్త్రీ వస్తున్నాడని, అన్నీ చేతుల్తోనే. ఆ చేతిమాటలన్నీ మావాడి దగ్గర నేర్చినవేనట. కొత్తగా చేరిన కుర్రాడొకడు ఏదో తప్పు సైగ చేసినట్టున్నాడు, మావాడు వాడి వేళ్లు పట్టుకుని సరిచేస్తున్నాడు.