రైతుకు కుర్చీ ఎవరిస్తారు?

ఎన్నికల నాడు రైతే రాజు. వేలి మీద సిరా ఆరకముందే అర్జీ పట్టుకొని ఆఫీసు గడప దగ్గర నిలబడాల్సిన మనిషీ ఆయనే. ఈ తంతు ఇంకెన్నాళ్లు? రైతే చట్టసభకు పోతే ఏమవుతుందో మన సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల గడ్డకు ఎరుకే.

సిరిసిల్ల దగ్గరి గాలిపల్లి బద్దం ఎల్లారెడ్డి ఊరు. నిజాం ఏలుబడిలో లెవీ ధాన్యం కొలిచి, వెట్టి చేసి నడుము విరిగిన పల్లెలవి. ఆయన ఆంధ్ర మహాసభలో పనిచేశారు. కమ్యూనిస్టు అయ్యారు. సాయుధ పోరాటంలో కరీంనగర్ జిల్లాకు నాయకుడయ్యారు. పార్టీ మీద నిషేధం ఉన్నందున 1952 ఎన్నికల్లో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున నిలబడితే, కరీంనగర్ జనం ఆయన్ను తొలి లోక్‌సభకు పంపారు. గడి ముందు తలవంచుకొని నడిచిన జనం తమ మనిషిని ఢిల్లీలో కూర్చోబెట్టారు. ఇది చిన్న సంగతి కాదు.

కానీ ఎల్లారెడ్డి ఢిల్లీ పోయినంత మాత్రాన ఊళ్లో దొర దిగిపోలేదు. పాతికేళ్లు దాటాక, 1978లో, వెట్టికీ దొరతనానికీ ఎదురుతిరిగిన రైతుకూలీలు జగిత్యాల జైత్రయాత్ర తీయాల్సి వచ్చింది. వాళ్లు అడిగింది భూమి, కూలి, మర్యాద. సర్కారు ఇచ్చింది ఏమిటి? ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల మీద కల్లోలిత ప్రాంతాల ముద్ర!

2019లో పసుపు రైతులు మరో దారి తొక్కారు. కోరుట్ల, జగిత్యాల సెగ్మెంట్లున్న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీచేస్తే, అందులో 178 మంది రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. రైతులు గెలవలేదు. కానీ వాళ్ల గోడు దేశమంతా విన్నది. 2025 జనవరిలో పసుపు బోర్డు మొదలైంది. అప్పటికీ పసుపుకు మద్దతు ధర మాత్రం లేదు.

మనది ఒక్కరి గోస కాదు. నార్వేలో ఓలే గాబ్రియేల్ ఉయెలాండ్ అనే రైతు, పల్లె పిల్లలకు చదువు చెప్పినవాడు, 1833లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఆ ఎన్నికల్లో ఆయనతోపాటు ఎందరో రైతులు గెలిచారు. నాలుగేళ్లు తిరగకుండానే, 1837లో, ఊరి పాలనను ఊరు ఎన్నుకున్న సభలకు అప్పగించే చట్టం వచ్చింది. ఉయెలాండ్ 1869 దాకా సభలో రైతు గొంతుగా నిలిచాడు. గుంపుగా పోయారు, ఊరికి అధికారం తెచ్చుకున్నారు. కిటుకంతా అక్కడే ఉంది.

మరి మన దగ్గర? 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు తీరితే, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా పంచాయతీలు స్పెషల్ ఆఫీసర్ల చేతుల్లోనే ఉన్నాయి. 2014లో రాష్ట్రం తెచ్చుకున్నది హైదరాబాద్‌లో కుర్చీల కోసమేనా? పాలన ఊరిదాకా రాకుంటే రాష్ట్రం సగమే వచ్చినట్టు.

విద్యార్థులకు, ఉద్యోగులకు మేం చెప్పేదొక్కటే. మీలో చాలామంది రైతుబిడ్డలే. మీ ఊరి గ్రామసభకు పోండి, లెక్కలడగండి. పోటీకి నిలబడే రైతు వెంట నడవండి. కుర్చీ ఎవరూ ఇవ్వరు, మనమే వేసుకోవాలె.