డైనమోడీబీ అవుటేజ్: డేటా ఉంది.. అడ్రస్ పోయింది! 15 గంటల క్లౌడ్ సంక్షోభం నేర్పిన పాఠం ఏంటి?

2025 అక్టోబర్ 20, దీపావళి రోజు. మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 12 గంటల 18 నిమిషాలు. అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ నడిపే డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీసు ఒక్కసారిగా అందకుండా పోయింది. కాసేపట్లోనే స్నాప్‌చాట్, సిగ్నల్, ఫోర్ట్‌నైట్, రోబ్లాక్స్, డ్యువోలింగో, కాన్వా వంటి యాప్‌లు మొరాయించాయి. బ్రిటన్‌లో లాయిడ్స్ బ్యాంక్ కస్టమర్లకూ తిప్పలు తప్పలేదు. తమ సర్వీసు ఆగిపోవడానికి కారణం ఏడబ్ల్యూఎస్‌లో వచ్చిన సమస్యేనని పర్‌ప్లెక్సిటీ సీఈఓ అరవింద్ శ్రీనివాస్ ఎక్స్‌లో చెప్పారు.

ఇది హ్యాకర్ల పని కాదు. కేబుల్ తెగలేదు, కరెంటు పోలేదు. సర్వర్లన్నీ నడుస్తూనే ఉన్నాయి. అయినా అన్ని సర్వీసులూ మామూలు స్థితికి రావడానికి 15 గంటలకు పైగా పట్టింది. ఎందుకింత ఆలస్యం? ఇలాంటిది మళ్లీ జరిగితే కంపెనీలు, యూజర్లు ఏం చేయాలి?

ముఖ్యాంశాలు
- డేటాబేస్ పాడవలేదు. దాని అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు ఖాళీ అయింది.
- డేటాబేస్ సుమారు 3 గంటల్లో తిరిగొచ్చింది. దాని మీద ఆధారపడ్డ సర్వీసులు కోలుకోవడానికే ఎక్కువ టైమ్ పట్టింది.
- ఇలాంటప్పుడు బ్యాకప్ ఒక్కటే కాపాడదు. రెండో దారి ముందే రెడీగా ఉండాలి.

అసలేం జరిగింది?

డైనమోడీబీ 2012లో మొదలైంది. యూజర్ లాగిన్, షాపింగ్ కార్ట్, గేమ్ స్కోర్, ఆర్డర్ స్టేటస్ లాంటి వివరాలను క్షణాల్లో దాచి, అడగ్గానే తిరిగిచ్చే డేటాబేస్ ఇది. దీని స్థాయి ఎంతంటే, 2024 ప్రైమ్ డే సేల్‌లో పీక్ టైమ్‌లో సెకనుకు 14.6 కోట్ల రిక్వెస్టులు తీసుకుంది.

ఇంత రద్దీని ఒక్క సర్వర్ మోయలేదు. వెనకాల వేల మెషీన్లు ఉంటాయి. ఏ రిక్వెస్ట్ ఏ మెషీన్ల గుంపుకు వెళ్లాలో చెప్పేది డీఎన్‌ఎస్. ఒక రకంగా ఇంటర్నెట్ ఫోన్ బుక్ అన్నమాట. మెషీన్లు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి ఈ బుక్‌ను మనుషులు కాకుండా ఆటోమేటిక్ సిస్టమే దిద్దుతుంటుంది. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి కొత్త ప్లాన్ తయారుచేస్తుంది, దాని పేరు ప్లానర్. రెండోది ఆ ప్లాన్‌ను అమలు చేస్తుంది, దాని పేరు ఎనాక్టర్. ఒకటి ఆగినా పని ఆగకూడదని మూడు ఎనాక్టర్లను వేర్వేరు చోట్ల పెట్టారు.

ఆ రోజు ఆ జాగ్రత్తే కొంప ముంచింది. ఒక ఎనాక్టర్ బాగా స్లో అయింది. దాని చేతిలో పాత ప్లాన్ ఉంది. ఈలోగా మరో ఎనాక్టర్ కొత్త ప్లాన్ అమలు చేసేసి, పాత ప్లాన్లను తుడిచేసే పని మొదలుపెట్టింది. సరిగ్గా అదే టైమ్‌లో స్లోగా ఉన్న ఎనాక్టర్ వచ్చి కొత్త ప్లాన్ మీద పాత ప్లాన్ రాసేసింది. తన దగ్గరున్నది పాతదా, కొత్తదా అని అది చెక్ చేసింది కానీ, ఆ చెక్ చేసి చాలాసేపైంది. ఆ వెంటనే క్లీనింగ్ పని ఆ పాత ప్లాన్‌ను కూడా తుడిచేసింది. దాంతో వర్జీనియా డైనమోడీబీ అడ్రస్ ఎదురుగా ఒక్క ఐపీ కూడా మిగల్లేదు.

షాపు తెరిచే ఉంది, సరుకూ ఉంది. కానీ షాపుకు దారి చూపే బోర్డు ఖాళీ! ఆ తర్వాత ఆటోమేటిక్ సిస్టమ్ తనంతట తాను దిద్దుకోలేని స్థితిలో చిక్కుకుంది. చివరికి ఇంజినీర్లే దిగి సరిచేయాల్సి వచ్చింది. సమస్య డీఎన్‌ఎస్‌లో ఉందని తేలడానికి 50 నిమిషాలు పట్టింది. మన టైమ్ ప్రకారం 2.55కు రికార్డులు పూర్తిగా తిరిగొచ్చాయి. 3.10 కల్లా కస్టమర్లకు డేటాబేస్ అందింది.

డేటాబేస్ వచ్చినా కష్టాలు ఎందుకు ఆగలేదు?

అసలు కథ ఇక్కడే ఉంది. అమెజాన్ సొంత సర్వీసులు చాలా వరకు డైనమోడీబీ మీదే నడుస్తాయి. అద్దెకు సర్వర్లిచ్చే ఈసీ2 కూడా అంతే. ఈసీ2 వెనకున్న ప్రతి ఫిజికల్ సర్వర్‌తో ఒక మేనేజర్ సిస్టమ్ కొన్ని నిమిషాలకోసారి టచ్‌లో ఉండాలి. ఈ హాజరు నమోదుకు డైనమోడీబీ కావాలి. డేటాబేస్ లేని ఆ కాసేపట్లో చాలా సర్వర్ల హాజరు గడువు తీరిపోయింది.

డేటాబేస్ రాగానే అన్నిటికీ ఒకేసారి హాజరు వేయాల్సి వచ్చింది. పని ఎంత పేరుకుపోయిందంటే, ఒకటి పూర్తయ్యేలోపే దాని టైమ్ అయిపోయి మళ్లీ లైన్ చివరికి చేరేది. లైన్ కదలదు, తరగదు. ఇలాంటి పరిస్థితికి రెడీమేడ్ రికవరీ పద్ధతి తమ దగ్గర లేదని ఏడబ్ల్యూఎస్సే తన నివేదికలో ఒప్పుకుంది. చివరికి కొత్తగా వచ్చే పనిని తగ్గించి, మేనేజర్ సిస్టమ్‌లను ఎంచి ఎంచి రీస్టార్ట్ చేశాకే దారి దొరికింది. ఈసీ2 పూర్తిగా కోలుకునేసరికి మన దగ్గర మర్నాడు తెల్లవారుజామున 2.20 అయింది. 3.31కి అన్ని సర్వీసులూ సాధారణ స్థితికి వచ్చాయని ఏడబ్ల్యూఎస్ ప్రకటించింది.

పదేళ్ల క్రితమూ దాదాపు ఇదే కథ. 2015 సెప్టెంబర్ 20న ఇదే వర్జీనియాలో ఇదే డైనమోడీబీ గంటల తరబడి ఇబ్బంది పెట్టింది. అప్పుడు కారణం వేరు. ఏ స్టోరేజ్ సర్వర్ దగ్గర ఏ డేటా ఉండాలో చెప్పే లోపలి సర్వీసు లోడ్ తట్టుకోలేకపోయింది. జవాబు రాని సర్వర్లు మళ్లీ మళ్లీ అడగడంతో లోడ్ ఇంకా పెరిగింది. ఆ రిక్వెస్టులను కాసేపు ఆపితే తప్ప కెపాసిటీ పెంచడం కుదరలేదు.

కారణాలు వేరైనా రెండుసార్లూ కనిపించింది ఒక్కటే. మొదటి దెబ్బ కంటే ఆ తర్వాత వచ్చే తాకిడే ఎక్కువ నష్టం చేస్తోంది.

వర్జీనియాలో సమస్య వస్తే మిగతా ప్రపంచానికేంటి?

వర్జీనియా రీజియన్ అమెజాన్ క్లౌడ్‌లో అన్నిటికంటే పాతది. కొన్ని గ్లోబల్ సర్వీసుల కంట్రోల్ ఇప్పటికీ అక్కడే ఉంది. ఉదాహరణకు, ఎవరికి ఏ పర్మిషన్ ఉందో చూసే ఐఏఎం సర్వీసులో మార్పులు అక్కడి నుంచే జరుగుతాయి.

ఆ రోజు రెడ్‌షిఫ్ట్ అనే మరో డేటాబేస్ సర్వీసులో ఇది బయటపడింది. అది యూజర్ గ్రూపుల వివరాల కోసం వర్జీనియాలోని ఐఏఎంను అడుగుతోంది. దాంతో ఐఏఎం వివరాలతో లాగిన్ అయ్యేవాళ్లకు అన్ని రీజియన్లలోనూ గంటన్నర పాటు ఇబ్బంది తప్పలేదు. అంటే డేటా ఏ దేశంలో ఉన్నా, తాళం చెవి వర్జీనియాలో ఉంటే తలుపు తెరుచుకోదు.

పరిహారం ఎంత?

డైనమోడీబీకి మామూలుగా ఇచ్చే హామీ నెలకు 99.99 శాతం. అంటే నెలలో నాలుగైదు నిమిషాలకు మించి ఆగకూడదు. మూడు గంటల అంతరాయం ఆ హామీని దాటేసింది. అయితే 31 రోజుల నెలలో మూడు గంటలు పోయినా లెక్క సుమారు 99.6 శాతం దగ్గర ఆగుతుంది. రూల్స్ ప్రకారం 99 శాతానికి పైన ఉంటే దక్కేది ఆ సర్వీసు బిల్లులో 10 శాతం క్రెడిట్. అది కూడా కస్టమర్ క్లెయిమ్ చేసుకుంటేనే.

పోయిన ఆర్డర్లకు, విసిగిపోయి వెళ్లిపోయిన కస్టమర్లకు ఇందులో లెక్క లేదు. క్లౌడ్ కంపెనీ ఇచ్చే హామీ ఇన్సూరెన్స్ కాదని చాలామందికి అర్థమయ్యేది ఇలాంటప్పుడే. నష్టం మోయాల్సింది యాప్ కంపెనీయే కాబట్టి జాగ్రత్త కూడా దానిదే.

కంపెనీలు ఏం చేయాలి?

1. రెండో రీజియన్: డైనమోడీబీలో గ్లోబల్ టేబుల్స్ అనే సౌకర్యం ఉంది. ఒకే టేబుల్ కాపీలు రెండు, మూడు రీజియన్లలో ఉంటాయి. అక్టోబర్ 20న కూడా ఇది వాడుతున్నవాళ్లు మిగతా రీజియన్లలోని కాపీలతో పని నడిపించుకోగలిగారు. వర్జీనియాతో ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఆలస్యమైంది. అయితే ఇది ఫ్రీ కాదు. రాసే ప్రతి రికార్డుకూ ప్రతి రీజియన్‌లో బిల్లు పడుతుంది. అందుకే డేటా మొత్తానికి కాకపోయినా లాగిన్, పేమెంట్, ఆర్డర్ లాంటి వాటికైనా ఈ ఖర్చు పెట్టాలా వద్దా అనేది ముందే తేల్చుకోవాలి.

2. రీట్రైకి కళ్లెం: జవాబు రాకపోతే యాప్ మళ్లీ అడగడం సహజం. కానీ లక్షల ఫోన్లు సెకనుకోసారి అడిగితే లేవబోతున్న డేటాబేస్ మళ్లీ పడిపోతుంది. ప్రతి ప్రయత్నానికీ గ్యాప్ పెంచుతూ పోవాలి. అందరూ ఒకే క్షణంలో అడగకుండా ఆ గ్యాప్‌లో కొంత తేడా పెట్టాలి. కొన్నిసార్లు ప్రయత్నించాక ఆపేయాలి.

3. ఒక ఆర్డర్‌కు ఒకే నంబర్: కస్టమర్ బటన్ ఐదుసార్లు నొక్కినా ఆర్డర్ ఒక్కటే పడాలి. ప్రతి లావాదేవీకీ ముందే ఒక గుర్తింపు నంబర్ ఇచ్చి, అదే నంబర్ మళ్లీ వస్తే కొత్తది రాయకుండా ఆపాలి.

4. సగం పనైనా జరగాలి: డేటాబేస్ అందకపోతే యాప్ మొత్తం తెల్లముఖం వేయాల్సిన పనిలేదు. పాత సమాచారం చూపించొచ్చు. కొత్త ఆర్డర్లను క్యూలో దాచి తర్వాత రాయొచ్చు. పేమెంట్ లాంటి చోట మాత్రం అంచనాతో ముందుకెళ్లకుండా 'ఇప్పుడు కుదరదు' అని స్పష్టంగా చెప్పడమే మేలు.

5. రిహార్సల్: ప్లాన్ పేపర్ మీద ఉంటే చాలదు. 2015 అవుటేజ్‌లో నెట్‌ఫ్లిక్స్‌కు పెద్ద దెబ్బ తగలకపోవడానికి కారణం ఇదే. ఒక రీజియన్ మొత్తం పోయినట్టు ఊహించుకుని ట్రాఫిక్‌ను మరో రీజియన్‌కు మళ్లించే డ్రిల్స్ అది అప్పటికే చేస్తోంది. వాటికి కేయాస్ కాంగ్ అని పేరు పెట్టుకుంది.

తెలుగు రాష్ట్రాలకు ఇదెందుకు ముఖ్యం?

అమెజాన్ వెబ్ సర్వీసెస్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి రీజియన్లు ఉన్నాయి. ఈ అవుటేజ్‌కు సరిగ్గా ఆరు రోజుల ముందు, అక్టోబర్ 14న, విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది. డేటా సెంటర్లు మన గుమ్మం ముందుకొస్తున్నాయి.

మరి ఇక మనకు ఢోకా లేనట్టేనా? కాదు. రెడ్‌షిఫ్ట్ విషయంలో జరిగింది చూస్తే, సర్వర్ దగ్గర్లో ఉండటం వేరు, దాని కంట్రోల్ ఎక్కడుందన్నది వేరు. మరోవైపు ముంబై, హైదరాబాద్ రెండూ దేశంలోనే ఉండటం వల్ల ఒక మేలుంది. పేమెంట్ డేటాను దేశంలోనే దాచాలని ఆర్‌బీఐ 2018లో ఆదేశించింది. ఆ రూల్ దాటకుండానే రెండో కాపీ పెట్టుకునే వీలు ఇప్పుడుంది. వాడుకోవడం కంపెనీల చేతిలోనే ఉంది.

మళ్లీ మళ్లీ అడగడం ఎంత ప్రమాదమో యూపీఐ కూడా చూపించింది. 2025 ఏప్రిల్ 12న యూపీఐ మొరాయించినప్పుడు, కొన్ని బ్యాంకుల నుంచి 'ట్రాన్సాక్షన్ ఏమైంది' అంటూ వెల్లువెత్తిన రిక్వెస్టులే సిస్టమ్‌ను ముంచాయని ఎన్‌పీసీఐ తేల్చింది. దీంతో ఆగస్టు 1 నుంచి పరిమితులు వచ్చాయి. బ్యాలెన్స్ చెకింగ్ ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించకూడదు. పెండింగ్ పేమెంట్ స్టేటస్ చూడటం మూడుసార్లకే, అది కూడా 90 సెకన్ల గ్యాప్‌తో. వర్జీనియాలో ఇంజినీర్లు కొత్త పనిని తగ్గించి సిస్టమ్‌ను లేపినట్టే, ఇక్కడ ముందే కళ్లెం వేశారు.

యూజర్లు గుర్తుంచుకోవాల్సినవి

- యాప్ ఆగితే అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు, లాగౌట్ అవ్వొద్దు. లాగిన్ సర్వీసే పడిపోయి ఉంటే తిరిగి లోపలికి వెళ్లడమే కష్టమవుతుంది.
- పేమెంట్ పెండింగ్ చూపిస్తే వెంటనే రెండోసారి కట్టొద్దు. ముందు బ్యాంక్ ఎస్సెమ్మెస్ లేదా స్టేట్‌మెంట్ చూసుకోవాలి.
- యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు కట్ అయి అవతలివాళ్లకు చేరకపోతే, మర్నాటి కల్లా వెనక్కి రావాలన్నది ఆర్‌బీఐ 2019 రూల్. ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం. షాపులకు చేసిన పేమెంట్లకు ఈ గడువు 5 రోజులు.
- 'సర్వర్ డౌన్, రీఫండ్ కోసం ఈ లింక్ నొక్కండి' అని వచ్చే మెసేజ్‌లను నమ్మొద్దు.

చివరగా..

డీఎన్‌ఎస్‌ను దిద్దే ఆ ఆటోమేటిక్ సిస్టమ్‌ను ఏడబ్ల్యూఎస్ ప్రపంచవ్యాప్తంగా ఆపేసింది. లోపం సరిచేశాకే మళ్లీ ఆన్ చేస్తామని చెప్పింది. ఈ లోపం మూసుకుపోవచ్చు. కానీ తొమ్మిది రోజులకే, అక్టోబర్ 29న, ఒక తప్పుడు కాన్ఫిగరేషన్ మార్పుతో మైక్రోసాఫ్ట్ అజూర్ ఆగింది. నవంబర్ 18న క్లౌడ్‌ఫ్లేర్ వంతు వచ్చింది. అక్కడా మొదలు ఒక డేటాబేస్ పర్మిషన్లలో చేసిన చిన్న మార్పే.

కంపెనీ మారిస్తే ప్రమాదం పోదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఏ క్లౌడ్ అయినా ఏదో ఒక రోజు ఆగుతుంది. ఆ రోజు తమ యాప్‌లో ఏది నడవాలి, ఏది ఆగినా ఫర్వాలేదు అన్నది ఇప్పుడే రాసిపెట్టుకున్న కంపెనీలకు అది కొన్ని గంటల ఇబ్బంది మాత్రమే. రాసుకోని కంపెనీలు ఆ నిర్ణయాన్ని, కస్టమర్ల ఫోన్లు మోగుతుండగా, అప్పటికప్పుడు తీసుకోవాల్సి వస్తుంది.