అవాంఛితము ఎవరికి?

కావ్యములను, శాస్త్రగ్రంథములను ఒక భాషనుండి వేరొక భాషలోనికి తెచ్చుటకు ఏండ్లు వెచ్చించు అనువాదకులు, ప్రకటనలలోని నాలుగు పంక్తులను తమ పరిశీలనకు తగినవిగా నెంచరు. కాని మనుష్యుల చర్మము మీద నేరుగా పనిచేయుచున్న అనువాదము ఆ నాలుగు పంక్తులలోనే కలదు.

సౌందర్యచికిత్సాలయముల లేజరును గూర్చి హిందీలో ‘అన్‌చాహే బాలోఁ సే హమేశా కే లియే ఛుట్‌కారా’ అని ప్రకటింతురు. అదియే తెలుగులో ‘అవాంఛిత రోమముల నుండి శాశ్వత విముక్తి’ అయినది. ఈ చిన్న వాక్యములో రెండు మోసములున్నవి.

మొదటిది ‘శాశ్వత విముక్తి’. 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ కృత్రిమమైన కెంపు కడ్డీ నుండి తొలి లేజరు కాంతిని వెలువరించెను. 1983లో ఆండర్సన్, పారిష్ అను వైద్యులు, తగిన తరంగదైర్ఘ్యము గల కాంతిని అతిస్వల్పకాలము ప్రసరింపజేసినచో దానిని పీల్చుకొను పదార్థమునే వేడిచే నశింపజేసి చుట్టునున్న కణజాలమును చాలవరకు కాపాడవచ్చునని చూపిరి. రోమముల విషయమున ఆ పదార్థము మెలనిన్ అను వర్ణద్రవ్యము. నెరసిన వెండ్రుకలో అది లేదు గనుక లేజరు దానినేమియు చేయజాలదు. రోమములన్నియు ఏకకాలమున పెరుగుదశలో నుండవు గనుక చికిత్స పలుమారులు జరుగవలెను. హార్మోనుల అసమతౌల్యముచే మొలచునవి, ఆ అసమతౌల్యము నిలిచియున్నంత కాలము మరల మొలవవచ్చును. అందుచేతనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన మాట ‘శాశ్వత తగ్గింపు’. రోమములన్నియు పోవునని దాని భావము కాదు. ‘తగ్గింపు’ను ‘విముక్తి’గా మార్చినవాడు అనువాదకుడు కాడు, వర్తకుడు.

ఇంతకంటె పెద్ద విషయమును ఆ ప్రకటన చెప్పనే చెప్పదు. కాంతి వెదకు మెలనిన్ మన రోమములలోనే గాక మన చర్మములోను సమృద్ధిగా నున్నది. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అను వైద్యుడు చర్మమును ఎండకు కందు తీరును బట్టి తరగతులుగా విభజించినపుడు, అవి తెల్లజాతివారిని దృష్టిలో నుంచుకొని చేసిన నాలుగు తరగతులు. గోధుమవన్నె, నలుపు చర్మములకు 5, 6 తరగతులు పిమ్మట చేరినవి. మన దేశీయులలో పెక్కురు 4, 5 తరగతులవారే. ఇట్టి చర్మమునకు 1064 నానోమీటర్ల కాంతి కొంత క్షేమకరము. అది లోతునకు దిగును, పైపొరలోని మెలనిన్ దానిని తక్కువగా పీల్చును. పెక్కు తరంగదైర్ఘ్యములను ఒక్క మెరుపులో వెదజల్లు ఐ.పి.ఎల్. యంత్రమును అనుభవము లేని చేతులు ప్రయోగించినచో బొబ్బలు, నల్లమచ్చలు, తెల్లమచ్చలు మిగులును. కొందరి ముఖముపై రోమములు తగ్గుటకు మారుగా పెరుగుటయు వైద్యులు గమనించిన విషయమే.

రెండవ మోసము ‘అవాంఛితము’. వాంఛింపబడనిది అని దాని అర్థము. వ్యాకరణమున ఇది కర్తను దాచు ప్రయోగము. వాంఛింపని వారెవరు? సంస్కృతకవులు రోమావళిని, మన ప్రబంధకవులు నూగారును నాయిక సౌందర్యలక్షణముగా వర్ణించిరి. ద్రౌపదికి మేనిచాయను బట్టియే కృష్ణ అను పేరు గలదు. నాటి సౌందర్యము నేటి దోషమగుటకు శరీరము మారలేదు, సంత మారినది. 1975లో ‘ఫెయిర్ అండ్ లవ్‌లీ’ అను పేర అంగడికెక్కిన లేపనము 2020లో ‘గ్లో అండ్ లవ్‌లీ’ అయినది. ‘గోరాపన్’ అనుటకు జంకువారు నేడు ‘నిఖార్’ అందురు. తెలుగులో ‘కాంతివంతము’ అందురు. మాట మారినను కోరిక మారలేదు. మంగుమచ్చలకు ‘లేజర్ టోనింగ్’ చేయించుకొన్నవారికి అవి తిరిగివచ్చుట సామాన్యము. మితిమీరినచో చుక్కచుక్కలుగా తెల్లమచ్చలేర్పడును. తెలుపును కోరినవారికి ఇట్టి తెలుపు దక్కుట ఎంత క్రూరమైన పరిహాసము!

“తన శరీరమును గూర్చి నిర్ణయించుకొను హక్కు ఎవరికి వారిదే గదా” యని కొందరందురు. నిస్సంశయముగా వారిదే. పుట్టుకతో ముఖముపై ఎర్రని మచ్చ గల శిశువునకు, హార్మోనుల వ్యాధిచే గడ్డము మొలచి నలుగురిలోనికి రాజాలని స్త్రీకి, ట్రాన్స్‌జెండర్ మహిళకు ఈ కాంతి గొప్ప మేలు చేయగలదు. దానిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని నిర్ణయము మాటల మీద ఆధారపడును. ఆశ తెలుగులోను, అపాయము ఆంగ్లపు అంగీకారపత్రములోను చెప్పినపుడు, క్రింద నుంచిన సంతకము సమ్మతి యెట్లగును?

కావున ఏ భాషలో ప్రలోభపెట్టుదురో ఆ భాషలోనే యంత్రము పేరు, పలుమారులు రావలసిన అవసరము, కాలిపోవు ప్రమాదము, మరల మొలచు అవకాశము తెలుపవలెను. ముందుగా చిన్న చోట పరీక్షించి చూడవలెను. మూలకారణము హార్మోనులలో నున్నదేమో విచారింపవలెను. యంత్రమును పట్టువాడు దేనిని చదివినవాడో చెప్పవలెను. ‘విముక్తి’ యను మాటను కొట్టివేసి ‘తగ్గింపు’ అని వ్రాయవలెను. బేరములు తగ్గునని వర్తకుడు వగచినచో వగచుగాక. తప్పు అనువాదము పుస్తకములో నున్నచో మలిముద్రణమున దిద్దుకొందుము. చర్మమునకు మలిముద్రణము లేదు.