మెరిట్ కథలు - 6: చనిపోయినవాడు లెక్కలో లేడు

పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మన వాడలోంచి వెళ్లి మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. సెమినార్‌లో ఒక పెద్ద ప్రొఫెసర్ చూపించిన డేటా మీద సందేహం అడిగాడట. "ముందు నీ హెచ్-ఇండెక్స్ ఎంతో చెప్పు" అన్నాడట ఆయన. హాలంతా నవ్వు. "అన్నా, నేను అడిగింది తప్పా?" అన్నాడు తమ్ముడు. నేను తెలుగు పంతుల్ని, బ్యాక్టీరియా గురించి నాకేం తెలుసు? కానీ ఆ నవ్వు నాకు బాగా తెలుసు. "రిజర్వేషన్ వాడివి" అని మొహం మీద అనలేనిచోట ఇప్పుడు హెచ్-ఇండెక్స్ అడుగుతున్నారు.

హెచ్-ఇండెక్స్ అంటే 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన కొలత. నీ పేపర్లలో వందకి, ఒక్కోదానికి కనీసం వంద సైటేషన్లుంటే నీ హెచ్ వంద. మెచ్చుకుని ఉదహరించారా, తప్పని చెప్పడానికి ఉదహరించారా అన్నది ఆ అంకెకు తెలియదు.

ఆ అంకెల కొండ మీద కూర్చున్న మనిషి కథ చెబుతా. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో డిడియర్ రౌల్ట్ అనే మైక్రోబయాలజిస్టు. ఊరికే పేరొచ్చినవాడు కాదు. 2003లో మిమివైరస్ అనే రాక్షస వైరస్‌ను ప్రపంచానికి చూపించినవాళ్లలో ఒకడు. రౌల్టెల్లా అని ఆయన పేరు మీద ఒక బ్యాక్టీరియా ప్రజాతే ఉంది (పేరు పెట్టింది ఆయన సహచరులే లెండి). పేపర్లు రెండు వేలకు పైనే. నలభై ఏళ్లకు పంచినా వారానికొకటి! నా థీసిస్‌లో ఒక్క అధ్యాయానికి నాకు ఏడాది పట్టింది.

ఎలా సాధ్యం? ల్యాబు పెద్ద పేరు పేపరు చివర ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఆసుపత్రులకు పరిశోధన నిధులు పంచడానికి సిగాప్స్ అనే పాయింట్ల పద్ధతి ఉంది. జర్నల్ స్థాయికిన్ని పాయింట్లు, రచయితల వరసలో పేరున్న చోటుకిన్ని. మొదటి పేరుకెంతో చివరి పేరుకూ అంతే. పాయింట్లు పెరిగితే ఆసుపత్రికి డబ్బు పెరుగుతుంది. ఇక అడిగేదెవరు?

2020 మార్చిలో కోవిడ్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందని ఆయన బృందం పేపరు వేసింది. పంపిన మర్నాడే ఆమోదం. రచయితల్లో ఒకరు ఆ జర్నల్‌కే ప్రధాన సంపాదకుడు. మందు ఇచ్చింది 26 మందికి. ఫలితాల్లో చూపింది 20 మందిని. మిగిలిన ఆరుగురిలో ముగ్గురు ఐసీయూకి వెళ్లారు, ఒకరు వికారంతో మందు ఆపేశారు, ఒకరు ఆసుపత్రి వదిలి వెళ్లిపోయారు, ఒకరు చనిపోయారు. మళ్లీ చదవండి. మందు తీసుకుని చనిపోయిన మనిషి, మందు పనిచేసిందా లేదా అనే లెక్కలో లేడు.

ఆ పేపరును వెనక్కి తీసుకున్నది 2024 డిసెంబరులో. నాలుగేళ్ల తొమ్మిది నెలలు పట్టింది. ఆలోపు మూడు వేలకు పైగా సైటేషన్లు. చీల్చి చెండాడినవాళ్లు కూడా ఆ అంకెను పెంచినవాళ్లే.

నన్ను కుదిపింది ఇంకొకటి. ఆయన సంస్థ నుంచి వచ్చిన 456 అధ్యయనాలను కొందరు తిరగేసి 2023లో బయటపెట్టారు. అందులో 248 ఒకే ఒక్క నైతిక అనుమతి నంబరు మీద నడిచాయి. మనుషులు వేరు, తీసిన నమూనాలు వేరు, దేశాలు వేరు, నంబరు మాత్రం ఒకటే. తప్పేమీ లేదనే రౌల్ట్ వర్గం వాదించింది. సరే, ఆ సంస్థ పేపర్లు తీసి ఎవరి నమూనాలున్నాయో చూడండి. మార్సెయ్ షెల్టర్లలో తలదాచుకునే ఇల్లూ వాకిలీ లేనివాళ్లు. సెనెగల్, నైజర్ జనం. వాళ్ల రక్తం, వాళ్ల మలం ఒకరి సీవీలో పాయింట్లయ్యాయి. ఏ హెచ్-ఇండెక్స్ అయినా వీళ్లను లెక్కపెడుతుందా?

ఎలిసబెత్ బిక్ అనే మైక్రోబయాలజిస్టు ఈ పేపర్ల లోపాలు ఒక్కొక్కటే ఎత్తి చూపింది. 2021లో ఆమె మీద క్రిమినల్ ఫిర్యాదు పెట్టారు. జవాబు ఇవ్వలేనిచోట కేసు, లేదంటే నవ్వు.

ఫ్రాన్స్ గొడవ మనకెందుకంటారా? 2009లో మన ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగింది. హాస్టళ్లలో ఉండే ఆదివాసీ ఆడపిల్లలకు వేశారు. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల సంతకం లేదు, వార్డెన్లే పెట్టేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, మీ పిల్లలకు వేయించండి. నేనంటున్నది ఆ తల్లిని అడిగారా లేదా అని.

తమ్ముడూ, నీ హెచ్-ఇండెక్స్ సున్నా అయితే అయింది. ఎంతమందిని చేర్చారు, ఎంతమందిని తీసేశారు, ఎందుకు తీసేశారు, సంతకం ఎవరు పెట్టారు? ఈ నాలుగూ కాగితం మీద రాసి తీసుకెళ్లు. వచ్చే సెమినార్ ఎప్పుడో చెప్పు, సెలవు పెట్టి వస్తా. వెనక బెంచీలో కూర్చుంటా.

జై భీమ్.