మందారం రెక్కతో రంగులు

శివరాత్రి వెళ్లిందంటే చాలు, మా వైపు మోదుగు చెట్లు ఆకంతా రాల్చేసి నిప్పంటుకున్నట్టు పూస్తాయి. ఆ రోజుల్లోనే మా చెల్లెలు రెండో కాన్పుకి ఆసుపత్రిలో చేరుతూ ఐదేళ్ల కూతుర్ని నా దగ్గర వదిలింది. పిల్ల హుషారే గానీ, బొమ్మ వెయ్యవే అంటే చేతులు వెనక్కి పెట్టేసుకునేది. "గీత దాటితే తప్పు పెద్దమ్మా" అంది. బళ్లో రంగు గీత దాటిందని పేజీ అంతా ఎర్ర పెన్నుతో కొట్టేశారట. ఆ మాట విని నా మనసు చివుక్కుమంది.

మర్నాడు పూజకి కోసిన మందారాల్లోంచి ఒకటి దాని చేతికిచ్చి, తెల్లకాగితం మీద రెక్కతో రుద్దమన్నాను. ఎర్ర పువ్వు, కాగితం మీద ఊదారంగు! పిల్ల కళ్లు పెద్దవైపోయాయి. పుల్లకి దూది చుట్టి నిమ్మరసంలో ముంచి ఆ ఊదా మీద అద్దితే గులాబీ రంగుకి తిరిగింది. ఇంకో పుల్లని తినే సోడా కలిపిన నీళ్లలో ముంచి అద్దితే నీలమూ ఆకుపచ్చా కలిసినట్టు వచ్చింది. పులుపు తగిలితే ఒక రంగు, సోడా తగిలితే ఒక రంగు. శంఖుపూలు దొరికితే వాటితోనూ చెయ్యండి, నిమ్మరసానికి ఆ నీలం ఊదాగా మారుతుంది. మన చిన్నప్పుడు ఈ మందారాలతోనే బూట్లు నల్లగా తోమేవారు, గుర్తుందా?

మోదుగుపూలకి కాస్త ఓపిక కావాలి. రెండు గుప్పెళ్లు పూరెక్కలు రెండు గ్లాసుల నీళ్లలో పావుగంట మరిగించి, రాత్రంతా ఉంచి వడగట్టండి. పసుపు కలిసిన నారింజ రంగు దిగుతుంది. చిటికెడు సున్నం వేస్తే చిక్కబడుతుంది. పొయ్యి పనీ సున్నం పనీ మాత్రం మీరే చూసుకోండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. హోలీకి కూడా ఇదే రంగు వాడుకోవచ్చు. కాకపోతే మరక పోదు. మావారి తెల్లపంచె ఇప్పుడు మా ఇంట్లో మసిగుడ్డ!

ఒక్కటి మర్చిపోకండి. గన్నేరు, ఉమ్మెత్త పిల్లల దరిదాపులకి రానివ్వద్దు. రెండూ విషమే, చిన్నపిల్లలకి ఏది దొరికినా నోట్లో పెట్టుకునే అలవాటు. చెట్టు పేరు మీకు తెలియకపోతే ఆ పువ్వు అసలు కొయ్యకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

రాలిన వేపపూత ఉంటే కాగితం మీద జిగురు రాసి చల్లమనండి, మేకపిల్ల ఒంటికో మబ్బుకో బాగుంటుంది.

మా పిల్ల నాలుగో రోజుకి కాగితం చాలక వాకిట్లో బండ మీద మొదలుపెట్టింది. తమ్ముణ్ణి చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తూ ఒక కాగితం మడిచి పట్టుకుంది. నారింజ చెట్టూ, ఊదా ఆవూ, గీత అన్నదే లేదు. చెల్లెలు దాన్ని తలగడ కింద పెట్టుకుంది.