చిన్న తీరపురములకు సభ అక్కరలేదా?

మా నాతవరము మండలమున జలాశయమై నిలిచి, అచ్చటినుండి కాలువల గుండ 51 వేల ఎకరముల పైచిలుకు భూమికి నీరిచ్చి, మిగిలిన కొద్దిపాటి ప్రవాహముతో తుని పాయకరావుపేటల నడుమగా దిగువకు సాగి, పెంటకోట యొద్ద సముద్రమున గలియు తాండవ నదిని ఎరిగినవారికి, మెట్టసీమకును తీరసీమకును గల సంబంధమును వేరుగా వివరింప నక్కరలేదు. అయినను ఈ రెండు సీమలకును ఒక భేదము గలదు. కాలువ నీరు చివరి మడికి అందకున్న రైతు పోయి అడుగుటకు 1997 నాటి చట్టముచే ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘమైనను ఉన్నది. దాని పనితనము ఎట్టిదైనను, అడుగదగిన మనిషి ఒకడు ఊరిలోనే కనబడును. సముద్రపుటొడ్డున నున్న చిన్న పట్టణమునకు అట్టి మనిషి నానాటికి దూరమగుచున్నాడు. పాలన పెద్దదైనకొలది మేలు పెరుగునను నమ్మకము మన ప్రభుత్వములకు, అవి ఏ పక్షమువైనను, స్థిరముగా ఏర్పడిపోయినది. ఈ నమ్మకము తీరపట్టణముల విషయమున ఎంతవరకు నిలుచునో పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ పరిశీలనకు భీమునిపట్టణమును, అనగా భీమిలిని, మించిన నిదర్శనము ఉత్తరాంధ్ర తీరమున లేదు. గోస్తనీ నది కడలిలో గలియుచోట, కొండవాలున వెలసిన ఈ పట్టణమున 17వ శతాబ్దియందే డచ్చివారు వర్తకస్థానమును నెలకొల్పిరి. పుఱ్ఱెలును ఎముకలును చెక్కిన ఫలకములతో వారి సమాధులు నేటికిని అచట నిలిచియున్నవి. 1825 లో ఆ స్థావరము ఇంగ్లీషువారి వశమైన పిమ్మట, విజయనగర ప్రాంతపు నూనెగింజలు, నీలిమందు, కరక్కాయలు, అన్నింటికంటె మిన్నగా గోగునార, ఆ రేవునుండియే విదేశములకు తరలెడివి. రైతు గోగుకట్టెలను కట్టలుగట్టి చెరువులో కొన్నాళ్లు నానవేసి, నడుములోతు నీట నిలిచి, కుళ్లిన బెరడు కంపును సహించుచు, కట్టెనుండి నారను ఒలిచి, నీటిలో జాడించి, దండెములపై ఎండబెట్టి బండి కెత్తెడివాడు. ఆ నార రేవుచేరి, అలలపై ఊగు పడవలలో దూరమున లంగరు వేసిన ఓడకెక్కి, పరదేశపు విపణిలో ‘బిమ్లి’ యను పేరుతోనే అమ్ముడుపోయెడిది. పండించిన పల్లెల పేర్లు ఎవరికిని తెలియవు. ఓడకెత్తిన ఊరి పేరు మాత్రము సరకుకు ముద్రయై నిలిచినది.

అట్టి ఊరిలో 1861 లోనే పురపాలక సంఘము ఏర్పడుట ఆశ్చర్యకరము కాదు. ఊరివారు తామే కోరి పన్ను వేసికొని, వీధులను, దీపములను, పారిశుద్ధ్యమును చూచుకొనుటకు 1850 నాటి 26వ చట్టము వీలు కల్పించి యుండెను. ఆ వీలును వినియోగించుకొనుటకు అన్ని పట్టణములును సాహసింపలేదు. స్థానిక స్వపరిపాలనకు పితామహుడని మనము పాఠశాలలో చదువుకొన్న లార్డు రిప్పను తన తీర్మానమును ప్రకటించినది 1882 లో. అనగా అప్పటికి భీమిలి సంఘము 21 సంవత్సరముల వయసుది. ఆ తొలినాటి సభ్యులలో దొరలును, షావుకార్లును తప్ప జాలరివాని కెన్నడును చోటు దక్కలేదని ఎవరైన ఆక్షేపించినచో అది సమంజసమే. అయినను, ఊరి ధనము ఊరిలోనే లెక్కకు వచ్చుట, ఊరి సొమ్ము ఖర్చు చేసినవాడు ఊరి వీధిలోనే నడువవలసి వచ్చుట అను రెండు మేళ్లు ఆ సంకుచిత సభకును ఉండినవి. ఓటుహక్కు అందరికి వచ్చిన పిదప ఆ మేళ్లు ఇనుమడింపవలసినది.

పట్టణపు పతనమునకు కారణములు వేరు. రైలుమార్గము భీమిలిని తాకక లోపలిగా సాగిపోయెను. 1933 లో విశాఖపట్టణమున నౌకాశ్రయము తెరువబడగా, ఓడలు తీరమున కానుకొని నిలువగల రేవును విడిచి, పడవలపై సరకు మోయు భీమిలికి వచ్చు అగత్యము ఎవరికిని లేకపోయెను. పొరుగున చిట్టివలస జనపనార మిల్లు ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టుచు చిరకాలము నిలిచి, తుదకు 2009 లో మూతపడెను. అప్పటికి పట్టణమునకు మిగిలిన జీవనాధారములు చేపలవేట, చిల్లర వర్తకము, విహారమునకు వచ్చు విశాఖవాసుల కార్లు. అర లక్ష చిల్లర జనముగల ఆ ఊరి పురపాలక సంఘమును, అనకాపల్లి పురపాలక సంఘముతోబాటు, 2013 లో మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనము గావించిరి.

విలీనమును సమర్థించువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. చిన్న సంఘమునకు ఆదాయము స్వల్పము, ఇంజనీర్లు చాలరు, చెత్త తరలింపునకు లారీలు కొనవలెనన్నను, మురుగు శుద్ధికి యంత్రములు నిలుపవలెనన్నను ఏళ్లతరబడి ప్రభుత్వపు నిధికై చేయిచాచవలెను. నగరపాలక సంస్థకు అప్పు పుట్టును, కేంద్రపు పథకములు వచ్చును, నిపుణులు దొరకుదురు. ఇవి నిజములే. అయితే గోస్తనీ నీటినే తీసికొందము. ఆ నదిపై ఎగువన నిర్మించిన తాటిపూడి జలాశయము విశాఖ నగరమునకు దాహము తీర్చుచున్నది. నదీముఖమున నున్న భీమిలి కడకు చేరునది సముద్రపు పోటును ఎదుర్కొనలేని సన్నని ధార. పెద్ద సంస్థయే నీటిని పంచునప్పుడు, పంపకమున భీమిలి భాగమును గూర్చి గొంతెత్తి అడుగుటకు ప్రత్యేకముగా ఒక సభ ఉండినచో అది ఒక బేరమగును. లేనిచో అది కేవలము ఒక అర్జీ. ధనము కొరకు పెద్దదానితో కలియుట వేరు, గొంతును పెద్దదానికి అప్పగించుట వేరు. మన పాలకులు మొదటిదానిని చూపి రెండవదానిని చేయించిరి.

ఆ అప్పగింత వలన జరిగిన నష్టము కాగితములపైననే కనబడును. 2007 లో ఎన్నికైన విశాఖ నగరసభ గడువు 2012 లో తీరిపోయినది. విలీన గ్రామముల వివాదములు, వార్డుల విభజన, న్యాయస్థానముల వ్యాజ్యములు ఒకదాని వెనుక నొకటి రాగా, తిరిగి ఎన్నికలు జరిగినది 2021 మార్చిలో. గడువు తీరకముందే ఎన్నిక జరుపవలెనని రాజ్యాంగపు 243యూ అధికరణము నిర్దేశించినను, భీమిలి ప్రజలు తమ సంఘమును పోగొట్టుకొన్న నాటినుండి దాదాపు ఎనిమిదేండ్లు తమ తరఫున ఎన్నికైన ఒక్క సభ్యుడైనను లేక, అధికారుల ఏలుబడిలో గడపిరి. తదుపరి ఏర్పడిన సభలో స్థానములు 98. వానిలో భీమిలివి వేళ్లపై లెక్కింపదగినవి. కంచరపాలెపు మురుగు, గాజువాక రద్దీ, ఉక్కు కర్మాగారపు భవితవ్యము మాట్లాడు సభలో ఈ కొద్దిమంది సభ్యులు ఎంత సమర్థులైనను ఏమి చేయగలరు?

వీధిలో దీనిని చూచినచో మరికొంత స్పష్టమగును. వేటకు పోవు మత్స్యకారుడు తెల్లవారుజామున మూడు గంటలకే వలబుట్టతో ఒడ్డుకు దిగును. అతని యింటి ఆడువారు సూర్యోదయమున చేపల గంపతో పైకి ఎక్కుదురు. ఆ సందులో దీపము వెలుగకున్న, ఇసుక మేటవేసి కాలువ మూసికొన్న, ఎండుచేపలు ఆరబెట్టు దిబ్బపై ఎవరో కంకర పోసిన, వారికి కావలసినది ఆ పూటకే పనికివచ్చు జవాబు. వెనుకటి కౌన్సిలరు అదే బజారులో చేపలు బేరమాడువాడు గనుక, గంప దించిన ఆమె అతని నాపి నిలదీయుటకు ఏ దరఖాస్తును వ్రాయనవసరము లేకుండెను. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉండు 61 దినముల వేటనిషేధ కాలమున పూట గడవని ఇండ్లెన్నియో అతనికి లెక్క తెలిసియుండెను. నేడు ఫిర్యాదునకు సంఖ్య వచ్చును, చరవాణికి సందేశము వచ్చును. కొన్నిమార్లు దీపమును వెలుగును, కాదనను.

దీపముల విషయము అటుంచి, తీరపట్టణమును ఇతర పట్టణములనుండి వేరుచేయు అసలు విషయమునకు వత్తము. సముద్రతీర నియంత్రణ మండల నిబంధనలు 1991 లో మొదట వచ్చి, 2011 లోను 2019 లోను మార్పు చెందినవి. వాని ప్రకారము, పురపాలక పరిధిలోనుండి ఒడ్డువరకు కట్టడములు నిండిన భూమి రెండవ తరగతిలో చేరును. అచట ఇప్పటికే ఉన్న రహదారికి లోపలివైపున కట్టడములకు అనుమతి దొరకును. పల్లెసీమ మూడవ తరగతి. అందు జనసాంద్రత తక్కువగానున్నచోట పోటురేఖనుండి 200 మీటర్లు, చదరపు కిలోమీటరునకు 2161 కి మించి జనమున్నచోట 50 మీటర్లు నిర్మాణనిషిద్ధము. కనుక ఒడ్డుననున్న ఒక ఊరిని ‘పట్టణము’ అని వ్రాయుట పేరు మార్చుటతో ఆగదు. ఆ యిసుకపై ఎవరు గోడ కట్టవచ్చునను ప్రశ్నకు జవాబును క్రమముగా మార్చివేయును. విశాఖకు భీమిలికి నడుమ, వేలయేండ్ల గాలియు వానయు తీర్చిన ఎఱ్ఱమట్టి దిబ్బల యొద్ద 2024 లో లేఅవుటు కొరకు యంత్రములతో నేల చదునుచేయుట వార్తలకెక్కినప్పుడు, రెవిన్యూ శాఖ, గనుల శాఖ, పట్టణాభివృద్ధి సంస్థ, నగరపాలక సంస్థ ఒకదాని ముఖము నొకటి చూచినవి. అందరికి అధికారమున్నచోట ఎవరికిని కాపలా లేదు.

ఇక కడలి సంగతి. 1994 నాటి మన సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టము క్రింద తీరమునుండి 8 కిలోమీటర్ల లోపలి నీరు సంప్రదాయ పడవలకు ప్రత్యేకింపబడినది. మరపడవ ఆ గీతను దాటివచ్చి వలలు తెంపినప్పుడు, తీరపు పురపాలక సంఘమునకు దానితో ఏ సంబంధమును లేదు, మత్స్యశాఖ చూడవలెను. పరిధి అలలు తాకుచోటనే ముగియును. సముద్రము ఓటర్ల పట్టికలో లేదు గదా!

ఇట్లే ఉండితీరవలెనను నియమమేమియు లేదు. ఫిలిప్పీన్సు దేశమున కమిగిన్ అను ద్వీపమొకటి గలదు. అగ్నిపర్వతములు నిండిన ఆ దీవియంతయు ఒక రాష్ట్రమే, జనము లక్షకు లోపు. అందు అయిదు పురపాలక సంఘములున్నవి; అన్నింటిలో చిన్నదైన గిన్సిలిబాన్ జనసంఖ్య పదివేలైనను లేదు. మన లెక్క ప్రకారము దానిని ఎన్నడో దేనిలోనో కలిపివేసి యుందుము. అచట మాత్రము ఆ ఊరికి ఎన్నికైన మేయరు గలడు, సభ గలదు. 1991 నాటి స్థానిక ప్రభుత్వ స్మృతి దేశపు పన్నుల ఆదాయమున 40 శాతము స్థానిక ప్రభుత్వములదని శాసించి, ఆ భాగమున 34 శాతమును పురపాలకములకు కేటాయించినది. తీరమునుండి 15 కిలోమీటర్ల వరకు గల నీటిని ‘పురపాలక జలములు’గా గుర్తించి, అందు చిన్న జాలరులకు ముందుహక్కును, సంఘమునకు నియంత్రణాధికారమును ఇచ్చినది. అచట అంతయు సుభిక్షమని నేను చెప్పబోను: పదవులు కొన్ని కుటుంబములలోనే తిరుగుచుండుట అచటను కలదు, పెద్ద ఓడల యజమానులు ఆ 15 కిలోమీటర్ల హక్కును న్యాయస్థానమున ప్రశ్నించియు నున్నారు. అయినను, పేదరికమును చూపి సభను రద్దుచేయుటకు మారుగా, సభను నిలిపి దానికి ధనమును చట్టముచే హామీచేయుట సాధ్యమేనని ఆ చిన్న దీవి రుజువు చేయుచున్నది.

మన అనకాపల్లి పరిస్థితి మరియొక విడ్డూరము. 2022 ఏప్రిల్ 4 న జిల్లా ఏర్పడి, మా నాతవరమునకును నర్సీపట్నమునకును అదియే జిల్లాకేంద్రమైనది. కాని ఆ పట్టణపు వీధులూడ్చునది పొరుగు జిల్లా కేంద్రమగు విశాఖలోని నగరపాలక సంస్థ. నర్సీపట్నమునకు, ఎలమంచిలికి స్వంత పురపాలక సంఘములుండగా జిల్లా ముఖ్యపట్టణమునకు లేకపోవుటకు ఏ తర్కమును పొసగదు.

ఇంతకును ఈ చర్చ గతమును తవ్వుటకు కాదు. తాండవ కడలి గలియు పెంటకోటకు అనతి దూరముననే నక్కపల్లి వద్ద ఔషధ పరిశ్రమల పార్కునకును, పూడిమడక వద్ద హరిత ఉదజని కేంద్రమునకును 2025 జనవరి 8 న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. నక్కపల్లి చేరువనే ఉక్కు కర్మాగారమును రాబోవుచున్నది. ఆ తీరమునందలి రాజయ్యపేట మత్స్యకారులు తమ నీటికిని వేటకును ఏమి వాటిల్లునోయని ఆందోళనకు దిగిరి. కొన్నియేండ్లలో ఆ పల్లెలు పల్లెలుగా నుండవు. అప్పుడు వానికి లభించునది ఏది? రాజ్యాంగపు 243క్యూ అధికరణమున ఒక మినహాయింపు ఉన్నది: పౌరసౌకర్యములను పరిశ్రమయే సమకూర్చుచున్నచోట, గవర్నరు ఆ ప్రాంతమును పారిశ్రామిక పట్టణముగా ప్రకటించి, అచట పురపాలక సంఘమే లేకుండ చేయవచ్చును. అదికాక, పారిశ్రామికవాడలకు మన రాష్ట్రమున ఇప్పటికే ఉన్న ప్రత్యేక స్థానిక ప్రాధికార పద్ధతిలో, పన్ను వసూలు చేయునది ఎన్నికైన సభ కాక పారిశ్రామిక మౌలికవసతుల సంస్థ. భీమిలి ఉన్న సభను పోగొట్టుకొన్నది. నక్కపల్లి తీరమునకు సభ పుట్టకముందే ఆ చోటు భర్తీ కాగలదు.

పరిశ్రమలు వలదని నేననుట లేదు. మా మండలపు యువకులును ఆ ఉద్యోగములకై ఎదురుచూచుచున్నవారే. కోరునది పరిమితమైనది. నక్కపల్లి తీరగ్రామములకు గొట్టములు, గోడలు, గేట్లు రాకమునుపే ఒక పురపాలక సంఘమును ఏర్పరచి, పరిశ్రమల ఆస్తిపన్నులో నిర్ణీత భాగమును దానికి చట్టముచే కేటాయించి, సముద్రములోనికి విడుచు వ్యర్థజలముల పరీక్షాఫలితములను ప్రతిమాసము దాని సభ ముందుంచవలెనని అనుమతిపత్రములలోనే వ్రాయవలెను. భీమిలికి, అనకాపల్లికి సంబంధించి అవకాశము మరింత చేరువలో నున్నది: 2021 మార్చిలో కూడిన విశాఖ నగరసభకు రాజ్యాంగము విధించిన గడువు 2026 మార్చి. వార్డుల సరిహద్దులను తిరిగి గీయునప్పుడే ఆ రెండు పట్టణములను వేరుచేసి, నీరు, చెత్త, అప్పులు మొదలగు పెద్ద పనులకు మాత్రము విశాఖతో ఒడంబడిక చేసికొను ఏర్పాటును కల్పించుటకు శాసనసభలో ఒక్క సవరణ చాలును.