చేతిసబ్బును కొనువారి ధర్మము

గడచిన విద్యాసంవత్సరాంతమున జరిగిన తల్లిదండ్రుల సభలో ఒక పెద్దమనిషి లేచి మమ్ము ఒక ప్రశ్న అడిగిరి. క్రిస్మసు బహుమానములకై పాఠశాల పక్షమున ఎనుబది చేతిసబ్బులును, పండ్రెండు చిన్న అత్తరుబుడ్లును తెప్పించియుంటిమి. లెక్కల పుస్తకములో సబ్బు ఒక్కింటికి 120 రూపాయలని చూచి ఆయన, "అయ్యా, అంగడిలో 40 రూపాయలకు మంచి సబ్బు దొరకుచుండగా, మూడింతలు వెల పెట్టి ఎవరో ఇంటిలో చేసిన సబ్బును తెప్పించుట ఏమి న్యాయము? ఇది మా పిల్లలు కట్టు జీతముల సొమ్ము గదా" అనిరి. సభలో కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ప్రశ్న న్యాయమైనది. ఆనాడు ప్రొద్దుపోయినందున రెండు మాటలు చెప్పి కూర్చుంటిమి గాని, ఆ బదులు మాకే తృప్తి కలిగింపలేదు. కావున ఈ వార్షిక పత్రికాముఖమున ఆయనకును, విద్యార్థులకును మా అభిప్రాయమును విన్నవించుచున్నాము. అందులో మా తప్పు ఒకటి కలదు; దానిని కూడ దాచక చెప్పెదము.

ముందుగా ఒక మాట. యంత్రశాలలలో తయారగు సబ్బును నిందించుట మా ఉద్దేశము కాదు. ఇంగ్లండు దేశమున 1853వ సంవత్సరమువరకు సబ్బుపై సుంకముండెను. అంతకాలము బీదవాని ఇంట సబ్బు భోగవస్తువే. యంత్రములు వచ్చి దానిని చౌకచేసి ఎల్లవారి ఇండ్లకును చేర్చినవి. అన్నమునకు ముందు చేతులు కడుగుకొనుటకు చౌకసబ్బు చక్కగా పనికివచ్చును. ఇంటినిండ పిల్లలున్న తల్లి 120 రూపాయల సబ్బు కొననక్కరలేదు; కొనుమని మేము ఎన్నడును చెప్పము. మన వసతిగృహమునకు నెలనెల వచ్చు సబ్బు నేటికిని బజారుసబ్బే. మన అవ్వలు సబ్బు లేకయే కుంకుడుకాయతో తలంటుకొని, సున్నిపిండితో నలుగు పెట్టుకొని శుభ్రముగా నుండిరి. ఆ కుంకుడుచెట్ల జాతికి వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన 'సాపిండస్' అను లాటిను పేరునకు భారతదేశపు సబ్బు అనియే భావము.

అట్లైన చేతిసబ్బునకు హెచ్చు వెల యేల? అది తయారగు విధమును తెలిసికొన్నగాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. నూనెయు క్షారమును కలిసి మారిపోగా సబ్బును, గ్లిజరినును పుట్టును. నూనెకు తగిన క్షారము ఉండవలెను. ఒక కిలో కొబ్బరినూనెను పూర్తిగా సబ్బు చేయుటకు సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావలెను. ఆలివునూనెకైనచో సుమారు 135 గ్రాములు చాలును. క్షారము హెచ్చినచో చర్మము మండును. బహుగా తగ్గినచో సబ్బు మెత్తబడి జిడ్డుకట్టును. జాగ్రత్త తెలిసినవారు కొద్దిపాటి నూనె మిగులునట్లు తూచి కలుపుదురు. పోతపోసిన ముద్ద ఒకటిరెండు దినములలో గట్టిపడును; దానిని బిళ్ళలుగా కోసి, గాలి తగులు బల్లలపై నాలుగు మొదలు ఆరు వారములు ఆరనీయవలెను. ఆ ఆరుటలోనే నీరు పోయి, బిళ్ళ గట్టియై, చేతికి మృదువగును. పెద్ద యంత్రశాలలలో సాధారణముగా గ్లిజరినును వేరుచేసి వేరుగా అమ్ముకొందురు. చేతిసబ్బులో అది అందులోనే నిలిచియుండును. ఆరు వారములు బల్లమీద కదలక కూర్చున్న సరకునకు పెట్టిన సొమ్ము కూడ ఆరు వారములు కదలక కూర్చుండును. వెలలో కొంత భాగము ఆ నిరీక్షణకు చెందినది.

సుగంధముల సంగతియు అట్టిదే. ఉత్తరప్రదేశములోని కన్నౌజు పట్టణమున నేటికిని అత్తరు తీయు పద్ధతి చూడదగినది. దేగ్ అను పెద్ద రాగిపాత్రలో పూలును నీరును పోసి, మూత చుట్టును మట్టితో మెత్తి, క్రింద సన్నని మంట పెట్టుదురు. ఆవిరి వెదురుగొట్టము గుండ పోయి, నీటిలో మునిగియున్న భప్కా అను మరియొక పాత్రలో చల్లబడును. అందులో ముందుగా పోసియుంచిన చందనతైలము ఆ పరిమళమును పట్టుకొనును. మంట హెచ్చినను చెడును, తగ్గినను చెడును. దానిని కనిపెట్టి యుండవలసినది మనుష్యుని కన్నే. ఒక కిలో గులాబితైలమునకు మూడువేల కిలోలకు పైగా రేకులు పట్టును. కనుక "స్వచ్ఛమైన గులాబి అత్తరు" అని పేరు పెట్టి పది రూపాయలకు ఎవడైన ఇచ్చినచో, అందులో గులాబి లేదని లెక్కలు వచ్చిన పిల్లవాడెవడైనను చెప్పగలడు.

ఇక మా కథ. నవంబరు నెల చివరివారమున, ఒక చిన్న ఊరిలో తన ఇంటనే సబ్బులు చేయు ఒక సోదరికి మేము ఫోనుమీద కబురు చేసితిమి. మొత్తము 12,600 రూపాయలు కాగా, అందు సగము ముందుగా పంపితిమి. ఆమె తనయొద్ద ముప్పదిరెండు సబ్బులే ఆరి సిద్ధముగా నున్నవనియు, మిగిలిన నలుబదెనిమిదియు జనవరి రెండవ వారమునకు గాని కావనియు తెలియజేసెను. మాకు కోపము వచ్చినది. బహుమానములు క్రిస్మసునకు గదా! "కోసిన బిళ్ళలున్నవి గదా, అవే పంపుము, పిల్లలకేమి తెలియును?" అని కొంచెము కటువుగా వ్రాసితిమి. ఆమె ఇచ్చిన బదులు మేము మరువజాలము: "అయ్యగారూ, కావలెనన్న సబ్బులు రద్దు చేసికొనుడు, మీ సొమ్ము తిప్పి పంపెదను. పచ్చిసబ్బు మాత్రము పంపను. పిల్లల చేతులు గదా." ఉపాధ్యాయులమైన మేము ఆ మాట చదివి కొంతసేపు మాటలాడలేదు. ముప్పదిరెండు సబ్బులును, అత్తరుబుడ్లును క్రిస్మసునకు అందినవి. తక్కినవి జనవరి 18వ తేదీన చేరగా గణతంత్ర దినోత్సవమున పంచితిమి.

ఇంతవరకు ఆలస్యము ఆమెదని తలంచితిమి. అసలు ఆలస్యము ఇక మీదట మాది. మిగిలిన 6,300 రూపాయల చీటీ మా బల్లసొరుగులో పడియుండెను. పరీక్షల పని వచ్చినది, సంతకము చేయవలసినవారు ఊరిలో లేకపోయిరి, తరువాత మేమే మరచితిమి. ఒక నెల గడచిన పిదప ఆమెయొద్దనుండి ఒక కబురు వచ్చినది: "సబ్బులు పిల్లలకు నచ్చినవా?" నచ్చినవని బదులిచ్చి ఊరకుంటిమి. ఆమె అడిగినది సబ్బుల సంగతి కాదని మాకు తోచనే లేదు. మార్చి నెలలో మన పాఠశాల ఉపాధ్యాయురాలొకరు తన ఇంటికి సబ్బులు కావలెనని అడుగగా, నూనె వర్తకుని బాకీ తీరనందున క్రొత్త వాయి వేయలేకపోయితినని ఆమె చెప్పినదట. ఆ మాట వినునప్పటికి మా తల వంగినది. ఆ మధ్యాహ్నమే సొమ్ము పంపితిమి. అది సరకు చేరిన 52వ దినము.

కూలివాని కూలిని మరునాటి ఉదయమువరకు మనయొద్ద ఉంచుకొనరాదను నియమము లేవీయకాండము 19వ అధ్యాయమున కలదు. దానిని తరగతిలో పిల్లలకు ఎన్ని యేండ్లుగా బోధించుచున్నామో! కూలివాడనగా పొలములో కోతకు వచ్చినవాడని మాత్రమే మేము అనుకొంటిమి కాబోలు. మన దేశపు చట్టము కూడ ఈ సంగతి మరువలేదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలను గూర్చి 2006లో చేసిన చట్టము ప్రకారము, నమోదైన చిన్న ఉత్పత్తిదారునకు చెల్లింపవలసిన గడువు 45 దినములకు మించరాదు. పెద్ద కంపెనీకి ఒక అంగడివాడు బాకీపడినను దాని పొయ్యి ఆరదు. ఇంటిలో సబ్బు చేయు మనిషికి ఒక్క బాకీ చాలును, పొయ్యి ఆరుటకు. ఆమె మాకు ఆరని సబ్బును అంటగట్టలేదు. మేము మాత్రము ఆమెపై మా నిర్లక్ష్యమును అంటగట్టితిమి.

కావున చేతిపనివారివద్ద కొనదలచినవారికి మేము నేర్చిన పాఠములు కొన్ని చెప్పెదము. మొదటిది: ముందుగా అడుగుడు. పండుగ మూడు వారములున్నదనగా మేలుకొని తొందరపెట్టుట తగదు; రెండు మూడు నెలల ముందు చెప్పిన ఉభయులకును సుఖము. రెండవది: జాలిచేత కొనకుడు. "పాపము, ఒంటరిగా చేసికొనుచున్నది" అని కొన్న సబ్బు మంచిదైనను చెడ్డదైనను అడుగువాడుండడు. అది ఆమె పనికి గౌరవము కాదు. సరకు చెడ్డదైనచో మర్యాదగా చెప్పి తిప్పి పంపుడు. మంచిదైనచో బేరమాడక వెల చెల్లింపుడు.

మూడవది: కన్నులు తెరచి కొనుడు. బిళ్ళపైని కాగితమున చేసినవారి పేరు, ఊరు, తూకము, తయారైన తేదీ, అందలి వస్తువులు ఉన్నవేమో చూడుడు. అమ్మకమునకు సబ్బులు, సుగంధములు చేయువారు ప్రభుత్వమువారి లైసెన్సు పొందవలెను. దానిని అడుగుటలో తప్పు లేదు. "రసాయనములు లేని సబ్బు" అని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. క్షారము లేక సబ్బు పుట్టదు. సరిగా చేసిన సబ్బులో అది సబ్బుగా మారి, క్షారముగా మిగులదు, అంతే. ప్రకృతిసిద్ధమైనదంతయు హానిలేనిదని కూడ తలంపవలదు. లవంగతైలము, దాల్చినచెక్క తైలము ప్రకృతిసిద్ధములే, కాని కొందరి చర్మమును మండించును. క్రొత్త అత్తరును మోచేతి లోపలివైపున రవ్వంత పూసి ఒక దినము చూచుట మంచిది. నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: సరకు చేరిన దినముననే సొమ్ము పంపుడు.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఇది చదివి ఇంటిలో సబ్బు చేయబోకుడు. కాస్టిక్ సోడా కన్నులను, చర్మమును కాల్చును. దానిని నీటిలో కొద్దికొద్దిగా వేయవలెనే గాని, దానిపై నీరు పోయరాదు. నేర్చుకొనవలెనను కోరిక గలవారు విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల ఎదుట, ప్రయోగశాలలో నేర్చుకొనుడు. అట్లు నేర్చినవారిలో ఎవరు ఏమగుదురో చెప్పజాలము. లండను నగరమున క్షౌరవృత్తి చేసికొనుచుండిన ఆండ్రూ పియర్స్ 1807లో తన పారదర్శకమైన సబ్బును అమ్మనారంభించెను. నేడు ఆ పేరు ఎరుగని అంగడి లేదు. మైసూరులో 1916లో చందనతైలము తీయనారంభించి, 1918 నాటికి సబ్బు చేసిరి. మొదటి ప్రపంచయుద్ధముచేత చందనపుచెక్క ఎగుమతి నిలిచిపోయిన కష్టమునుండి పుట్టిన పరిశ్రమ అది. పెద్దవన్నియు ఒకప్పుడు చిన్నవే; వానియొద్ద మొదట కొని, సరిగా సొమ్ము చెల్లించినవారు ఎవరో ఉండిరి.

ఇక సభలో ప్రశ్న వేసిన పెద్దమనిషికి మా జవాబు ఇది. అయ్యా, మీ ప్రశ్నలో సగము సత్యము. పాఠశాల సొమ్మును అనుదిన వ్యయమునకు మూడింతలు చేసి వాడుట తగదు. మేము అట్లు వాడబోము. కాని బహుమానమనగా వస్తువు మాత్రమే కాదు, అది పిల్లవానికి ఒక పాఠము కూడ. ఓపికతో, ఎవరు చూడకపోయినను మోసము లేక చేసిన పని ఎట్లుండునో ఆ సబ్బు వాని చేతికి చూపెను. ఆ 80 రూపాయల హెచ్చు వెలకు పిల్లలు నేర్చినది కొంత, మేము నేర్చినది మరింత. ఈ యేడు కూడ సబ్బులు తెప్పింపదలచితిమి. ఆగస్టు నెలలోనే అడుగుదుము. మిగిలిన సొమ్ము కవరులో పెట్టి, సరకు వచ్చు దినమునకై సిద్ధముగా నుంచెదము. మీరు లెక్కల పుస్తకము చూచునప్పుడు వెలతోపాటు చెల్లించిన తేదీని కూడ చూచి, మమ్ము మరల ప్రశ్నింపవలెనని కోరుచున్నాము.